స్మూతీ బౌలూ, దాని తర్వాత టిఫినూ

పెసరట్టు వల్ల కృష్ణా జిల్లా ఎంత వెనకబడిపోయిందో ఎవరైనా ఆలోచించారా? ఆలోచించరు! పొద్దున్నే పెసరట్టులో ఉప్మా పెట్టించుకుని, అల్లం చట్నీ నంజుకుని, పైన స్ట్రాంగు కాఫీ పడ్డాక ఇంక ఆలోచనలెక్కడ వస్తాయి? ఆవలింతలు వస్తాయి గానీ!

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మొహమాటం లేకుండా ఒక సంగతి చెప్పుకుందాం. మన డెల్టా బాగుపడటానికి కొత్త కాలవలు అక్కర్లేదు, బైపాసు రోడ్లు అక్కర్లేదు. పొద్దున్నే ఇంటికో స్మూతీ బౌల్ చాలు. పెరుగూ పండ్లూ కలిపి మిక్సీలో తిప్పి, గిన్నెలో పోసి, పైన గింజలూ ముక్కలూ వరసగా పేరిస్తే తయారయ్యే ఆ చల్లటి పదార్థం ఉందే, దానివల్ల ఆరోగ్యం, ఆయుష్షు, ముఖవర్చస్సు, సంసారంలో శాంతి అన్నీ వస్తాయి.

నమ్మకం కలగడం లేదా? అయితే గుడివాడ వెళ్ళి నరసింహంగారిని అడగండి.

నరసింహంగారికి గుడివాడలో ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. పగలంతా రైతులకి మందు డబ్బాలు అమ్మి, సాయంత్రం ఇంటికొచ్చి ‘ఆర్గానిక్ అయితేనే ముట్టుకుంటాను’ అనే నియమం గల మనిషి. అంత నిష్ఠ అందరికీ కుదురుతుందా?

ఆ మధ్య ఆయన బందరు వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నాడు. డాక్టరుగారు రిపోర్టులు తిరగేసి, ‘షుగరు అంచు మీద ఉందండీ. నూనె వస్తువులు, స్వీట్లు కాస్త తగ్గించండి. పొద్దున్నే నడవండి’ అన్నాడు. అంతే అన్నాడు. కాస్త తగ్గించడం మామూలు మనుషులు చేసే పని. నరసింహం ఏం చేసినా పదిమందికీ తెలిసేలా చేస్తాడు.

తిరుగు ప్రయాణంలో కారు వెనక సీట్లో కూర్చుని ఫోన్ తీశాడు. ఎవరో సన్నటి అమ్మాయి పెరుగులో పండ్లు వేసుకుని స్పూనుతో తింటూ కళ్ళు మూసుకుని పరవశించిపోతోంది. పెడన దాటకముందే నరసింహానికి పెసరట్టు మీద విరక్తి పుట్టింది. గుడ్లవల్లేరు దాటకముందే ఇడ్లీ మీద కూడా పుట్టింది. గుడివాడలో కారు దిగేసరికి ఆయన పూర్తిగా కొత్త మనిషి.

‘రేపట్నుంచి మనింట్లో టిఫిన్లు బంద్!’ అని హాల్లో నిలబడి ప్రకటించాడు.

‘మరేం తింటారు?’ అంది ఆయన భార్య పూర్ణిమ.

‘స్మూతీ బౌల్! పెరుగుంది, పండ్లున్నాయి. మిక్సీలో వేసి తిప్పడమే. ఐదు నిమిషాల పని. నీకెంత సుఖమో ఆలోచించు. పప్పు నానబెట్టక్కర్లేదు, పిండి రుబ్బక్కర్లేదు, పెనం దగ్గర నిలబడక్కర్లేదు!’

పూర్ణిమ చల్లపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్. రోజూ పొద్దున్నే వంట చేసి, బాక్సులు సర్ది, గుడివాడ బస్టాండుకి పరిగెత్తి, పామర్రు మీదుగా వెళ్ళే బస్సు పట్టుకునే మనిషి. అలాంటి మనిషికి ఐదు నిమిషాల టిఫిన్ అంటే చేదా? పాపం, ఆవిడ కూడా సంతోషించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి!

ఇంట్లో పెరుగుంది కదా అనుకున్నారు. అయితే ఉన్న పెరుగు పనికిరాదని మర్నాడు తెలిసింది. అది మామూలు గేదె పెరుగు. గిన్నె బోర్లిస్తే కింద పడని గడ్డపెరుగే, కాదనడం లేదు. అయినా స్మూతీ బౌల్‌కి కావలసింది గ్రీకు పెరుగట! దాన్ని ఎలా చేస్తారో నరసింహం ఫోన్లో చూసి చెప్పాడు. మన గడ్డపెరుగునే పల్చటి గుడ్డలో మూటకట్టి, మేకుకి వేలాడదీసి, నీరంతా కారిపోయేదాకా ఉంచితే అది గ్రీకు పెరుగైపోతుంది. ఆ పాలిచ్చిన గేదెకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

నరసింహం తల్లి వెంకటరత్నమ్మ పొద్దున్నే వంటింట్లోకి వచ్చి ఆ మూట చూసి గుండెమీద చెయ్యి వేసుకుంది.

‘అదేంట్రా, పెరుగుని ఉరి తీశావ్?’

‘నీకు తెలీదు లేమ్మా. ప్రొటీను!’ అన్నాడు కొడుకు.

ఆ మూట కట్టేది పూర్ణిమ. విప్పేది పూర్ణిమ. జిడ్డోడుతున్న గుడ్డని వేణ్ణీళ్ళలో ఉతికి ఆరేసేది పూర్ణిమ. గ్రీకు పెరుగు చేసింది మాత్రం నరసింహం. కొట్లో కనబడ్డవాళ్ళందరికీ స్వయంగా ఆయనే చెప్పాడు.

ఇంక మిగతాదంతా చిటికెలో పని. దానిమ్మ గింజలు వొలవాలి. బాదం పప్పులు ముందురోజే నానబెట్టి తొక్క తియ్యాలి. చియా గింజలు నానాలి, అవిసె గింజలు వేగాలి. అరటిపండ్లు ముక్కలు కోసి ఫ్రీజర్లో గడ్డకట్టించాలి. బెజవాడ నుంచి తెప్పించిన బ్లూబెర్రీలు ఒక వరస, గుమ్మడి గింజలు ఒక వరస, కొబ్బరి కోరు ఒక వరస. వరస వంకరపోతే నరసింహం స్పూను పట్టుకునేవాడు కాదు. ‘చూడు, ఇటువైపు ఎక్కువైంది’ అనేవాడు. వంకర వరస తింటే షుగరు తగ్గదని బహుశా ఎక్కడో పరిశోధన జరిగి ఉంటుంది.

వెంకటరత్నమ్మ ఆ బౌల్ మొహం కూడా చూడనంది. ‘పొద్దున్నే పొట్టలో చల్లటిదా? నాకు జ్వరం తెప్పిద్దామనా?’ అంది. కాబట్టి ఆవిడకి ఇడ్లీయో అట్టో వెయ్యాలి. కూతురు లాస్య ఇంటర్ చదువుతోంది. ఆ పిల్లకి బౌల్ అంటే ప్రాణం. పైనుంచి ఒక ఫొటో, పక్కనుంచి ఒక ఫొటో తీసుకుని, రెండు స్పూన్లు నాకి, ‘అమ్మా, నాకు దోసె వెయ్యవా?’ అనేది.

మరి నరసింహం? ఆయన నియమం తప్పలేదు. బౌలే తిన్నాడు. కాకపోతే అమ్మకోసం పోసిన అట్లు చల్లారిపోతే పారెయ్యాలి కదా? తిండి పారెయ్యడం ఆయనకి పడదు. అందుకని బౌల్ తిన్నాక చెయ్యి కడుక్కుని వచ్చి, ఒకటో రెండో అట్లు అల్లం చట్నీతో రుచి చూసేవాడు. దాన్ని టిఫిన్ అనకండి. అది గృహస్థు బాధ్యత!

చూశారా ప్రగతి! ఒకప్పుడు ఆ ఇంట్లో పొద్దున్న ఒక్క టిఫినే ఉండేది. ఇప్పుడు రెండు. అలారం ఇంకా చీకటుండగానే కొడుతోంది, వంటింట్లో లైటు ముందే వెలుగుతోంది. పూర్ణిమకి వ్యాయామం కూడా బాగా జరుగుతోంది. ఎందుకంటే ఆవిడ ఎక్కాల్సిన మొదటి బస్సు వెళ్ళిపోయాక, రెండో బస్సు కోసం బస్టాండు దాకా పరుగే! డబ్బు కట్టి జిమ్ముకి వెళ్ళేవాళ్ళు సిగ్గుపడాలి.

తర్వాత నరసింహం వీడియోలు మొదలుపెట్టాడు. లాస్య ఫోన్ పట్టుకునేది. వంటింటి గట్టుమీద చిన్నచిన్న గిన్నెల్లో వొలిచినవి వొలిచినట్టు, నానినవి నానినట్టు, కోసినవి కోసినట్టు అమర్చి ఉండేవి. నరసింహం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ‘ఫ్రెండ్స్! ఐదే ఐదు నిమిషాలు!’ అంటూ వాటిని మిక్సీలో వొంపేవాడు. నిజంగానే ఐదు నిమిషాల్లో అయిపోయేది. అందులో ఎవరూ తప్పు పట్టడానికి లేదు.

ఒక వీడియోలో పక్కనుంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చి తేనె సీసా అందించింది. నరసింహం చూసుకుని, ‘ఆ చెయ్యి కట్ చేసెయ్ అమ్మా, డిస్టర్బెన్స్‌గా ఉంది’ అన్నాడు. లాస్య కట్ చేసేసింది.

అప్పుడే కెఫిర్ దిగింది. కెఫిర్ అంటే తెలియనివాళ్ళ కోసం చెప్పుకోవాలి. మజ్జిగ లాంటిదే గానీ మజ్జిగ కాదు. మజ్జిగ అయితే అంత ఖరీదు ఉండదు. విరిగిన పాలముక్కల్లా ఉండే గింజలు ఆన్‌లైన్లో తెప్పించి, సీసాలో వేసి, రోజూ వాటికి కొత్త పాలు పోసి, పాతవి వడగట్టాలి. ఒక్కరోజు మానితే అవి చచ్చిపోతాయట. నరసింహం ‘మన కెఫిర్, మన కెఫిర్’ అని మురిసిపోయేవాడు. పాలు పోసి వడగట్టేదెవరో మళ్ళీ చెప్పాలా?

దివిసీమలో చుట్టాల పెళ్ళి వచ్చింది, అవనిగడ్డలో. రెండు రోజులు ఇంటికి తాళం పెట్టాలి. కెఫిర్‌ని ఒంటరిగా వదిలి వెళ్ళడం ఎలా? పూర్ణిమ పట్టుచీర కట్టుకుని, మూతకి గుడ్డకట్టిన సీసాని ఒళ్ళో పెట్టుకుని అవనిగడ్డ దాకా కారులో కూర్చుంది. విడిదింట్లో దిగగానే పెళ్ళికొడుకు వైపు ముసలావిడ ఒకావిడ ఆ గుడ్డకట్టిన సీసా చూసి, కళ్ళకద్దుకుని, దోసిలి పట్టింది.

‘కాశీ వెళ్ళొచ్చారా అమ్మా? ఒక్క చుక్క తీర్థం పొయ్యి తల్లీ!’

పూర్ణిమ కాదని చెప్పబోయింది. ఆవిడ దోసిలి దించేట్టు లేదు. చివరికి పూర్ణిమే ఒక స్పూనుడు పోసింది. ముసలావిడ భక్తిగా తాగి, ‘పుల్లగా ఉందేంటమ్మా, నిలవదా?’ అని మిగిలింది నెత్తిన రాసుకుంది. చూడండి, స్మూతీ బౌల్ వల్ల దైవభక్తి కూడా పెరుగుతుంది!

ఇలా అంతా సవ్యంగా సాగుతుంటే పూర్ణిమకి ఒక కోరిక పుట్టింది. సంసారంలో శాంతి ఉన్నప్పుడు ఆడవాళ్ళకి ఇలాంటివి పుడుతూ ఉంటాయి. వాళ్ళ కాలేజీలో వైస్ ప్రిన్సిపాల్‌గారు రిటైరవుతున్నారు. ఆ కుర్చీ పూర్ణిమకి కావాలి. చాలా గట్టిగా కావాలి. తన తర్వాత చేరినవాళ్ళు టైమ్‌టేబుల్ వేసి చేతికిస్తుంటే తీసుకుని తీసుకుని ఆవిడకి ప్రాణం విసిగిపోయింది. పిల్లలకి పాఠం చెప్పడంలోనూ, వాళ్ళ గొడవలు తీర్చడంలోనూ తనకంటే మెరుగైనవాళ్ళు ఆ కాలేజీలో లేరని ఆవిడకి తెలుసు. మిగతావాళ్ళకీ తెలుసు.

కరస్పాండెంట్‌గారు ఆవిణ్ణి పిలిచి మర్యాదగానే చెప్పాడు.

‘మేడమ్, సబ్జెక్టులో మీకు తిరుగులేదు. కానీ ఈ మధ్య మొదటి బెల్లు కొట్టాక బస్సు దిగి పరిగెత్తుకొస్తున్నారు. వైస్ ప్రిన్సిపాల్ అన్నాక పిల్లలకంటే ముందు గేటు దగ్గరుండాలి కదండీ? గురువారం పొద్దున తొమ్మిదికి కమిటీ కూర్చుంటుంది. మీరు వేళకి రాకపోతే మాత్రం నేను మీ తరఫున నోరెత్తలేను.’

పూర్ణిమ ఇంటికొచ్చి ఈ మాట మొగుడికి చెప్పింది. నరసింహం వీడియో కింద కామెంట్లు చదువుకుంటూ, ‘మంచిది, మంచిది. ఆల్ ది బెస్ట్’ అన్నాడు. భార్య ఉద్యోగాన్ని ప్రోత్సహించే మొగుళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి?

ఇదిలా ఉండగా నరసింహం పొద్దున్నే గుడివాడ కాలేజీ గ్రౌండులో నడుస్తాడు కదా, అక్కడ ఒక బ్యాచ్ ఉంది. హెడ్మాస్టరుగా రిటైరైన కాంతారావు, రైల్వే బుకింగులో చేసి రిటైరైన రాజబాబు, రైసుమిల్లు శివరామయ్య. ముగ్గురికీ బౌల్ అంటే చులకన. ‘పెరుగులో పండ్లేంటయ్యా, పథ్యమా?’ అని ఆటపట్టించేవాళ్ళు. నరసింహానికి రోషం వచ్చింది. ‘గురువారం పొద్దున్న మా ఇంటికి రండి. ఒక్కసారి తింటే మళ్ళీ పెసరట్టు జోలికి వెళ్ళరు’ అని అందరినీ పిలిచేశాడు.

బుధవారం సాయంత్రం, మాటల మధ్యలో, ఆ సంగతి పూర్ణిమతో అన్నాడు.

‘రేపు నా ఇంటర్వ్యూ కదండీ’ అంది పూర్ణిమ.

‘తెలుసు. తొమ్మిదికి కదా? బౌల్స్ చేసి పెట్టేసి వెళ్ళు. ఐదు నిమిషాల పనేగా!’

ఆవిడ తుడుస్తున్న పళ్ళేన్ని గట్టుమీద పెట్టింది. పెట్టి, మెల్లిగా అడిగింది.

‘బౌల్ ఒక్కటేనా? ఇంకేమన్నా చెయ్యాలా?’

‘ఇంకేంటి? అది సంపూర్ణాహారం! ఆ సంగతి వాళ్ళకి తెలియాలనే కదా నేను పిలిచింది?’

‘సరేనండీ. మీరు చెప్పినట్టే చేస్తాను.’

ఇన్నేళ్ళు కాపురం చేసినవాడు ఆ మాట వినగానే ఉలిక్కిపడాలి. నరసింహం పడలేదు. హాయిగా ఫోన్ చూసుకున్నాడు.

గురువారం పొద్దున ముగ్గురూ నడక అయిపోగానే నేరుగా వచ్చేశారు. పూర్ణిమ ఇస్త్రీ చీర కట్టుకుని, జడ వేసుకుని, నవ్వుతూ ఎదురొచ్చింది. ఫ్రిజ్‌లోంచి బౌల్స్ తెచ్చి నలుగురి ముందూ పెట్టింది. వరసలు ఎక్కడా వంకర లేవు. అందరికీ నమస్కారం చేసి వంటింట్లోకి వెళ్ళింది. లోపలికి వెళ్ళడం అందరూ చూశారు. పెరటి తలుపులోంచి బస్టాండుకి వెళ్ళడం ఎవరూ చూడలేదు.

రాజబాబు కళ్ళు మూసుకుని క్షణం ప్రార్థన చేసుకుని స్పూను అందుకున్నాడు. మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే బాగుంది. గిన్నెలు ఖాళీ అయిపోయాయి.

‘బావుందయ్యా’ అన్నాడు కాంతారావు. ‘పెళ్ళిళ్ళలో గుమ్మం దగ్గర ఇస్తారు చూడు, ఆ వెల్‌కమ్ డ్రింకుల కంటే వెయ్యి రెట్లు నయం.’

‘కాస్త ఉప్పు, పచ్చిమిరపకాయ పడితే ఇంకా రుచిగా ఉండేది’ అన్నాడు శివరామయ్య.

తర్వాత కాంతారావు ఖాళీ బౌల్‌ని పక్కకి జరిపి, తన ముందు టేబుల్ మీద పళ్ళేనికి సరిపడా చోటు చేసుకున్నాడు. శివరామయ్య లేచి వెళ్ళి చెయ్యి కడుక్కొచ్చాడు. ఇప్పటిదాకా స్పూను గనక సరిపోయింది, ఇక చెయ్యి పెట్టాలి కదా! రాజబాబు కూడా కడుక్కొచ్చాడు. అందరూ కూర్చున్నారు. ధాన్యంలో తేమ గురించి కాసేపు, రైళ్ళ ఆలస్యం గురించి కాసేపు మాట్లాడుకున్నారు. మాట్లాడుతున్నంతసేపూ అందరి కళ్ళూ వంటింటి కర్టెన్ మీదే ఉన్నాయి.

వాళ్ళని తప్పుపట్టకండి. మన జిల్లాలో పుట్టి పెరిగిన మనిషికి చల్లటిది ఎంత పెట్టినా అది టిఫినుకి ముందు పెట్టేదే. వేడి వేడిగా పొగలు కక్కుతూ పళ్ళెంలోకి ఏదో ఒకటి రాకుండా తెల్లారినట్టు వాళ్ళకి ఎలా తెలుస్తుంది?

ఘోరం ఏమిటంటే, నరసింహం కూడా చెయ్యి కడుక్కొచ్చి కూర్చున్నాడు. కూర్చుని, తడి చెయ్యి తువ్వాలుకి తుడుచుకుంటూ, ఇంకా అట్లు రాలేదేమా అని మనసులో విసుక్కున్నాడు. విసుక్కున్న తర్వాత ఆయనకి ఏదో తేడాగా తోచింది. ఏమిటా తేడా అని ఆలోచించేలోపే కాంతారావు వంటింటివైపు తిరిగి గొంతెత్తాడు.

‘తొందరేం లేదమ్మా! నిదానంగానే పొయ్యి! మాకు ఉల్లిపాయలు ఉన్నవే ఇష్టం!’

నరసింహం లేచి కర్టెన్ తప్పించి చూశాడు. పొయ్యి తుడిచి శుభ్రంగా ఉంది. పెనం మేకుకి వేలాడుతోంది. వెంకటరత్నమ్మ స్టూలు మీద కూర్చుని ఇడ్లీ తింటోంది.

‘పూర్ణిమేదీ?’

‘బస్సెక్కేసుంటుందిరా ఈపాటికి. నాకు ఇడ్లీ హాట్‌బాక్సులో పెట్టింది. మీ నలుగురికీ ఆ బౌలే టిఫిను, ఇంకేం వద్దన్నారు అంది. అవునా?’

నరసింహం గబగబా హాల్లోకి వచ్చాడు. ఫోన్ తీశాడు. చెవి దగ్గర పెట్టుకుంటే రేడియేషన్ అని ఆయన ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడతాడు. ఆరోగ్యం విషయంలో అంత జాగ్రత్త!

‘ఎక్కడున్నావ్?’

‘పామర్రు వస్తోందండీ.’

‘పిండెక్కడుంది?’

‘రుబ్బలేదండీ.’

‘అదేంటి! వీళ్ళు టిఫిన్ కోసం కూర్చున్నారు ఇక్కడ!’

‘తినలేదా? బౌల్స్ పెట్టే కదా వచ్చాను?’

‘అబ్బా, తిన్నారు. అది బౌలూ...’

‘సంపూర్ణాహారం అన్నారు కదండీ.’

నరసింహం గొంతు తగ్గించాడు. స్పీకర్ మాత్రం తగ్గించలేదు.

‘చూడు, పామర్రులో దిగి ఆటో ఎక్కి వచ్చెయ్. ఒక్కపూట లేటైతే కొంపలేం మునిగిపోతాయ్? నలుగురిలో నా పరువు పోతోంది. ఇంటర్వ్యూ సంగతి నేను మీ కరస్పాండెంట్‌తో మాట్లాడతాలే.’

అవతల బస్సు హారను మోగింది. కండక్టరు ‘పామర్రు, పామర్రు’ అని అరిచాడు. హాల్లో ముగ్గురూ టేబుల్ మీద గోళ్ళతో గీతలు గీసుకుంటూ వింటున్నారు.

‘నాకు బౌల్ మీద కోపం లేదండీ’ అంది పూర్ణిమ. ‘మీ ఒంటికి మంచిదైతే రోజూ చేసేదాన్నే. అది తిన్నాక చెయ్యి కడుక్కొచ్చి మళ్ళీ నన్ను పెనం ముందు నిలబెట్టకపోతే చాలనుకున్నాను. ఆ రెండో టిఫిను వల్లే ఇన్నాళ్ళూ నేను ఈ బస్సు ఎక్కలేదు. ఇవాళ ఎక్కాను. ఆ పోస్టు నాకు కావాలండీ. నేను దిగను.’

ఫోన్ కట్టైపోయింది. శివరామయ్యే ముందుగా, ‘పదండయ్యా, స్టేషన్ రోడ్డులో వేడిగా వేస్తాడు’ అని లేచాడు. నలుగురూ వెళ్ళి పెసరట్టు ఉప్మా తిన్నారు. నరసింహం ఇంకో అట్టు కూడా చెప్పాడు. మనిషికి బాధ కలిగినప్పుడు ఆకలి ఎక్కువవుతుంది.

‘అది సరే బావా’ అన్నాడు రాజబాబు, చట్నీ వేయించుకుంటూ. ‘రోజూ ఆ బౌల్ చేసేదెవరు? నువ్వా, చెల్లెమ్మా?’

‘నేనే! వీడియోల్లో చూళ్ళేదా?’

ముగ్గురూ పొలమారేలా నవ్వారు. నరసింహానికి తల కొట్టేసినట్టైంది. ‘సోమవారం చూడండి! మొదట్నుంచి చివరిదాకా నేనే చేసి, మా ఆవిడకి నా చేత్తో పెట్టకపోతే నా పేరు నరసింహం కాదు. వీడియో కూడా పెడతా!’ అని హోటల్లో అందరూ వినేలా అన్నాడు.

పూర్ణిమ వేళకి వెళ్ళింది. కమిటీ ముందు నిదానంగా కూర్చుని మాట్లాడింది. శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి, గుమ్మంలోంచే చెప్పింది.

‘పోస్టు నాకే ఇచ్చారండీ! సోమవారం నుంచి వైస్ ప్రిన్సిపాల్‌ని!’

‘మంచిది, మంచిది’ అన్నాడు నరసింహం. ‘సోమవారం నా వీడియో కూడా ఉంది.’

సోమవారం తెల్లవారకముందే ఆయన వంటింట్లోకి దిగాడు. లాస్య ఫోన్ పట్టుకుని ఆవలిస్తోంది. తీరా చూస్తే మేకుకి మూట లేదు. రోజూ అదంతట అదే అక్కడ వేలాడుతూ ఉంటుంది కదా, ఇవాళ ఎందుకు లేదో ఆయనకి అర్థం కాలేదు. గింజలు నానలేదు. దానిమ్మకాయ కోస్తే రసం చొక్కామీద చిమ్మింది. మిక్సీ మూత సరిగ్గా పట్టక అరటిపండు గోడకెక్కింది. వెంకటరత్నమ్మ గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది.

‘మగపిల్లాడివి, నీకేం ఖర్మరా నాయనా ఈ వంటింటి చాకిరీ! ఎలా పెంచాను నిన్ను!’

పూర్ణిమ చేసినంతకాలం ఆవిడకి కళ్ళు చెమర్చలేదు. బహుశా అప్పట్లో దుమ్ము పడి ఉండదు.

చివరికి బౌల్ లాంటిది ఒకటి తయారైంది. పూర్ణిమ బ్యాగు భుజానికేసుకుని, నిలబడే నాలుగు స్పూన్లు తింది. ‘బావుందండీ, నిజంగానే’ అంది. ‘జారులో నీళ్ళు పోసి ఉంచండి, ఎండిపోతే వదలదు’ అని చెప్పి బస్సుకి వెళ్ళిపోయింది. నరసింహం జారులో నీళ్ళు పొయ్యలేదు. వీడియో ఎక్కించే హడావుడిలో ఉన్నాడు.

ఆ వీడియోకి లాస్య పెట్టిన పేరు ‘డ్యూటీకి వెళ్ళే భార్యకి టిఫిన్ చేసిన భర్త’. ఇంక చూడండి! మధ్యాహ్నానికి గుడివాడ దాటింది, సాయంత్రానికి బందరు, చల్లపల్లి, అవనిగడ్డ అన్నీ చుట్టేసింది. ‘నువ్వు దేవుడివన్నా’ అని ఒకరు. ‘ఆ తల్లి ఏ జన్మలో ఏం నోము నోచుకుందో’ అని ఇంకొకరు. గోడకెక్కిన అరటిపండు చూసి కన్నీళ్ళు ఆగలేదని ఒకావిడ రాసింది. బందరు డాక్టరుగారు కూడా రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టాడు. కొట్టుకి మందు డబ్బా కోసం వచ్చిన రైతులు డబ్బా పక్కన పెట్టి నరసింహంతో సెల్ఫీ దిగారు. నవ్విన కాంతారావే ఫోన్ చేసి, ‘మా ఆవిడ నీ వీడియో చూపించి నన్ను తిడుతోందయ్యా’ అని వాపోయాడు.

ఇప్పటికైనా ఒప్పుకుంటారా? ఒక ఆడమనిషి నెలల తరబడి చీకటితో లేచి చేస్తే అది ఐదు నిమిషాల పని. మగవాడు ఒక్కపూట, అదీ సగం చెడగొట్టి చేస్తే దైవత్వం! ఇంత తేలిగ్గా మనిషిని దేవుణ్ణి చేసే పదార్థం ఇంకేదైనా ఉందా? పెసరట్టు చేస్తుందా?

సాయంత్రం నరసింహం సోఫాలో కూర్చుని కామెంట్లకి దండాలు పెడుతున్నాడు. వంటింట్లో సింకు నిండా గిన్నెలున్నాయి, పైన అరటిపండు ఎండిపోయిన మిక్సీ జారు ఉంది. పూర్ణిమ పూల బొకే ఒకటి చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది. ఎర్ర గులాబీలు, చుట్టూ మెరుపు కాగితం.

‘మా స్టాఫంతా కలిసి కొన్నారండీ’ అంది. ‘సాయంత్రం బెల్లు కొట్టాక నేను గేటు దగ్గర నిలబడి ఉంటే అందరూ వచ్చి, చాలా అదృష్టవంతులు మేడమ్ అని నా చేతికిచ్చారు. మీకు ఇచ్చి, అభినందనలు చెప్పమన్నారు.’

నరసింహం బొకే అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

‘నాకెందుకు? వైస్ ప్రిన్సిపాల్ అయింది నువ్వు కదా?’

‘నేనూ అదే అడిగానండీ’ అంది పూర్ణిమ.